సీబీసీ ఒక్కటే చాలదు, స్లైడ్ కూడా చూడమనండి

సంపాదకులకు,

నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో బ్లడ్ క్యాన్సర్ లక్షణాల మీద వేసిన వ్యాసం చదివాను. నీరసం, మాటిమాటికీ జ్వరం, చిగుళ్ళ వెంట రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. అన్నీ సరిగ్గానే రాశారు. చివర్లో మాత్రం "సీబీసీ చేయిస్తే తెలిసిపోతుంది, ఖర్చు కూడా తక్కువే" అని ఒక్క ముక్కతో తేల్చేశారు. ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

నేను ముప్పై మూడేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదటి తొమ్మిదేళ్ళు పాడేరు వైపు ఏజెన్సీలో మలేరియా స్లైడ్లు చూశాను. తర్వాతంతా విశాఖలోనే. డాక్టర్ని కాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ రక్తం చుక్కని గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూడటంలోనే నా సర్వీసంతా గడిచింది. అందుకే ఈ ఉత్తరం.

సీబీసీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. కంప్లీట్ బ్లడ్ కౌంట్, అంటే రక్తకణాల లెక్క. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తాన్ని మిషన్‌కి ఇస్తాం. కణాలు సన్నటి రంధ్రంలోంచి ఒక్కొక్కటిగా వెళ్తుంటే కరెంటులో వచ్చే తేడాని పట్టుకుని అది లెక్కపెడుతుంది. వాలెస్ కూల్టర్ అనే అమెరికా ఆయన 1953లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు లేజర్లు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎర్రకణాలు ఎన్ని, తెల్లకణాలు ఎన్ని, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఏది ఎంత సైజు అన్నది నిమిషంలో చెప్పేస్తుంది. మనిషి కంటే బాగా లెక్కపెడుతుంది, అందులో నాకు తగువు లేదు. అయితే చందనోత్సవం నాడు సింహాచలం క్యూలో ఎంతమంది వెళ్ళారో గేటు దగ్గర లెక్క తీయొచ్చు గానీ, ఆ జనంలో జేబుదొంగ ఎవడో పట్టాలంటే కానిస్టేబులు కన్ను కావాలి కదా. పిల్ల దశలోనే ఎముక మజ్జ దాటి వచ్చేసిన చెడ్డ కణాన్ని మొహం చూసి గుర్తుపట్టేది ఆ కన్నే. మిషన్ అనుమానం రాగానే తెర మీద ఒక హెచ్చరిక వేస్తుంది, "స్లైడ్ చూడండి" అని. ఆ హెచ్చరిక చాలాసార్లు తెర మీదే ఆగిపోతుంది. పేషెంటు చేతికి వచ్చే కాగితంలో ఉండదు, ఉన్నా అడుగున చీమంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటుంది.

మా ఇంట్లో జరిగినదే చెప్తాను. కోవిడ్‌కి ముందు ఏడాది, అక్టోబరు. వానలు పడి ఆగాయి, వీధివీధికీ ఫాగింగ్ మిషన్ తిరుగుతోంది, ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా డెంగీయే. మా తమ్ముడి కొడుకుకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు, గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో పని. రెండు రోజులు కొంచెం జ్వరం, పళ్ళు తోముకుంటుంటే వాష్‌బేసిన్ నిండా ఎర్రటి నురగ. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళ్తే జ్వరానికి తుంటి మీద ఇంజెక్షన్ చేశారు. మర్నాటికి ఆ చోట వంకాయంత నల్లటి కమురు. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండలోకి సూది గుచ్చకూడదు, కానీ అప్పటికింకా ప్లేట్‌లెట్ల లెక్కే చేయించలేదు.

సీబీసీ చేయించారు. హిమోగ్లోబిన్ 9.1, తెల్లకణాలు 2,300, ప్లేట్‌లెట్లు 34,000. డెంగీ టెస్టు నెగెటివ్. "ఒక్కోసారి టెస్టుకి దొరకదు, డెంగీయే" అన్నారు. మా మరదలు బొప్పాయి ఆకు రసం తీయడం మొదలుపెట్టింది. తమ్ముడు కివీ పండ్ల కోసం పూర్ణా మార్కెట్ అంతా తిరిగాడు. మూడో రోజు మళ్ళీ సీబీసీ. ప్లేట్‌లెట్లు 16,000, తెల్లకణాలు 1,900, హిమోగ్లోబిన్ 8.2. అప్పుడు గాని నాకు ఫోన్ చెయ్యలేదు, అదీ ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి డోనర్లు ఎవరైనా తెలుసా అని.

రెండు కాగితాలూ వాట్సాప్‌లో పెట్టమన్నాను. నా కన్ను ప్లేట్‌లెట్ల దగ్గర ఆగలేదు, హిమోగ్లోబిన్ దగ్గర ఆగింది. డెంగీ ముదిరితే రక్తంలో నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది, ఆ లెక్క పెరగాలి. వీడికి తగ్గుతోంది. చిగుళ్ళ నుంచి పోయిన రక్తం అంత లేదు. మరి తగ్గినది ఎక్కడికి పోయింది? ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఒకేసారి పడిపోతున్నాయంటే తయారయ్యే చోట, మజ్జలో, ఏదో అడ్డం పడి ఉండాలి. రెండో కాగితం అడుగున స్మియర్, అంటే స్లైడ్ మీద పరిచిన రక్తం, చూసి సరిపోల్చుకోమని ఒక ఇంగ్లీషు లైను కూడా ఉంది. స్మియర్ ఎవరూ చూడలేదు.

ఆటో ఎక్కి ఆ ల్యాబ్‌కి వెళ్ళాను. కౌంటర్‌లో కుర్రాడు మర్యాదగానే, "మేడమ్, మిషన్‌లో వచ్చేసింది కదా, ఇంకా స్లైడ్ ఎందుకు?" అన్నాడు. మా మరదలు కూడా పక్కనుంచి, "ఏటొదినా, మిషన్ అబద్ధం సెప్తాదేటి?" అంది. మిషన్ అబద్ధం చెప్పలేదమ్మా, అడిగిన మేరకు చెప్పింది. ఆ ఉదయం తీసిన ట్యూబు ఇంకా రెండు గంటలదే. పాతబడితే కణాల ఆకారం చెడిపోతుంది, అప్పుడు చూసినా దండగే. బతిమాలి ఒక చుక్క తీసుకుని రెండు స్లైడ్లు లాగాను. చేతి సంచిలో గాజు పలకలు పెట్టుకుని తిరిగే అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు, మా ఇంట్లో నవ్వుతారు.

నేను చివర పనిచేసిన ల్యాబ్‌కి తీసుకెళ్ళి రంగు వేశాను. లీష్మన్ రంగు పోసి రెండు నిమిషాలు, దాని మీద రెట్టింపు బఫర్ నీళ్ళు పోసి ఎనిమిది, పది నిమిషాలు. పైన రాగి రేకులా తళతళలాడే తెట్టు కడుతుంది, అది కట్టే దాకా ఓపిక పట్టాలి. ఆ రోజు ఆ పది నిమిషాలూ గడవలేదు. కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి చూస్తే తెల్లకణాలే దొరకడం లేదు. 1,900 అంటే మరి అంతే. పెద్ద కణాలు స్లైడ్ తోక వైపుకి కొట్టుకుపోతాయి, అక్కడ వెతకాలి. అక్కడ దొరికింది. పెద్ద కణం. కేంద్రకం నడుమ నొక్కిన వేరుశనగ కాయలా రెండు పాయలు, దాని మీదంతా ఊదారంగు రవ్వ చల్లినట్టు గింజలు. ఇంకొంచెం జరిపితే మరో కణంలో సన్నటి పుల్లలు కట్టగా పేర్చి ఉన్నాయి. వీటిని ఆవర్ రాడ్స్ అంటారు. ఒకటీ అరా అయితే మామూలు మైలాయిడ్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లోనూ కనిపిస్తాయి. ఇలా మోపులు మోపులుగా ఉన్నాయంటే దాదాపు ఒకే జబ్బు. ఇలాంటి కణాన్ని ఇంగ్లీషులో ఫాగట్ సెల్ అంటారు, ఆ పేరుకి కూడా కట్టెల మోపు అనే అర్థం. పాడేరు సంతకి నెత్తి మీద కట్టెల మోపులతో దిగే ఆడవాళ్ళు గుర్తొచ్చేవారు నాకు, ట్రైనింగులో బొమ్మ చూసినప్పుడల్లా. ఆ రోజు మాత్రం చేతులు వణికాయి.

పేరు నేను పెట్టలేదు. మా పాత పెథాలజిస్టు (స్లైడ్లు చూసి జబ్బు తేల్చే డాక్టరు) మేడమ్‌కి ఫోన్ చేస్తే ఇంటి నుంచి వచ్చేశారు. ఐదు నిమిషాలు చూసి, "ఎమ్-త్రీ అనుకునే పంపించెయ్యండి, రేపటిదాకా ఆగొద్దు" అన్నారు. ఎమ్-త్రీ అంటే అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. ఇందులో రక్తం గడ్డకట్టే యంత్రాంగమే చెడిపోతుంది, మొదటి కొద్ది రోజుల్లోనే మెదడులో రక్తస్రావమై మనిషి పోవచ్చు. అందుకే అనుమానం వచ్చిన పూటే మందు మొదలుపెడతారు, జన్యు పరీక్ష రిపోర్టు కోసం ఆగరు. ఆ మందు విటమిన్ ఎ జాతిది, మామూలు క్యాప్సూల్. చైనాలో షాంఘై డాక్టర్లు 1988లో ఫలితాలు ప్రచురించారు. దానికి ఆర్సెనిక్ ఇంజెక్షన్ జోడించి ఇటలీ, జర్మనీ డాక్టర్లు 2013లో వేసిన పేపర్లో, ప్రమాదం మరీ ఎక్కువ కాని రోగుల్లో రెండేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, ఏ ఆపదా లేకుండా ఉన్నవాళ్ళు నూటికి 97 మంది. ఆర్సెనిక్ అంటే పాషాణమే, మన కథల్లో పాలలో కలిపే పాషాణం. మా తమ్ముడికి ఆ మాట చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఆ రాత్రే క్యాప్సూళ్ళు మొదలుపెట్టారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు, మర్నాడు మజ్జ తీశారు. జన్యు రిపోర్టు తర్వాత ఎప్పుడో వచ్చింది, పెథాలజిస్టు చెప్పిందే అని. కుర్రాడు నెలల తరబడి ఇంజెక్షన్లకి తిరిగాడు. ఇప్పుడు మళ్ళీ పనికి వెళ్తున్నాడు, బండి స్పీడుగా నడుపుతున్నాడని వాళ్ళ నాన్న తిడుతున్నాడు.

ఇదంతా అయ్యాక మేడమ్ నాకు ఒక జిరాక్సు కాపీ ఇచ్చారు. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో రక్తపరీక్షల నిపుణురాలు బార్బరా బెయిన్ 2005 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసం. విషయం ఒకటే, రక్తం స్మియర్ చూసి జబ్బు పట్టడం. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. ఇన్ని మిషన్లు వచ్చాక కూడా స్లైడ్ ఎందుకు చూడాలో, ఎప్పుడు చూడాలో ఆవిడ కణాల బొమ్మలు పెట్టి మరీ చెప్పారు. ప్లేట్‌లెట్లు తక్కువ వస్తే స్లైడ్ చూసి నిర్ధారించుకోవాలని, లుకేమియా, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అనుమానం ఉన్నచోట స్మియర్ చూస్తే తర్వాత ఏ పరీక్షకి పోవాలో దారి తెలుస్తుందని, కొన్ని జబ్బుల్లో ఆ వేగమే ముఖ్యమని. మనిషి కూర్చుని చూడాల్సిన పని కాబట్టి స్మియర్‌కి ఖర్చూ శ్రమా ఎక్కువ, అవసరమైన చోట ఆలోచించి వాడుకోవాలి అని కూడా ఆవిడే రాశారు. ప్రతి ట్యూబుకీ స్లైడ్ లాగమని నేనూ అనడం లేదు. మిషన్ అడిగినప్పుడైనా చూడమంటున్నాను.

స్మియర్ ఒక్కటే చాలదు అన్నది కూడా నిజం. బ్లడ్ క్యాన్సర్ అని ఒక్క పేరుతో మీరు రాసేది ఒక్క జబ్బు కాదు. వాటిలో కొన్నింటిని విడదీయాలంటే క్రోమోజోముల దాకా వెళ్ళాలి. 1960లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఊళ్ళో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు, దీర్ఘకాల మైలాయిడ్ లుకేమియా ఉన్నవాళ్ళ కణాల్లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉందని చూశారు. ఎందుకు పొట్టిదో పదమూడేళ్ళు ఎవరికీ తెలియలేదు. 1973లో షికాగోలో జానెట్ రౌలీ అనే ఆవిడ చెప్పింది, ఆ ముక్క పోలేదు, 9వ నంబరు క్రోమోజోముకీ 22వ నంబరు దానికీ మధ్య చేతులు మారింది అని. నలుగురు పిల్లల తల్లి, చాలాకాలం వారానికి మూడు రోజులే ఉద్యోగానికి వెళ్ళేది. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు పేర్చుకుంటుంటే, అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు నవ్వేవారట. నా స్లైడ్ల సంచి చూసి మా ఇంట్లో నవ్వినట్టే అనుకున్నాను, పోలిక మరీ పెద్దదైనా సరే. ఆవిడే 1977లో మా వాడి జబ్బులో 15కీ 17కీ మధ్య జరిగే మార్పిడిని కూడా పట్టుకుంది. ఆ పొట్టి క్రోమోజోము చేసే చెడ్డ ప్రొటీన్‌ని గురిపెట్టిన మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొంది వచ్చింది. ఇప్పుడు ఆ లుకేమియా ఉన్నవాళ్ళు రోజూ బీపీ మాత్ర వేసుకున్నట్టు వేసుకుని పనులకి పోతున్నారు. కానీ ఆ పరీక్ష రాయాలని డాక్టరుకి తోచాలంటే ముందు స్లైడ్ మీద ఎవరో ఒకరు చూసి ఉండాలి, అన్ని వయసుల తెల్లకణాలూ పైడితల్లమ్మ జాతరకి వచ్చినట్టు గుంపుగా రావడం.

ఒక పక్కమాట. ఏటా జనవరిలో పత్రికలన్నీ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తల్చుకుంటాయి. మంచిదే. ఆయన బృందం అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి చికిత్స చేసి 1948లో ప్రచురించాడని రాస్తారు. ఆ ఫార్బర్ వృత్తిరీత్యా పెథాలజిస్టు, మైక్రోస్కోపు మనిషి. ఆ ముక్క ఎవరూ రాయరు.

స్లైడ్ చూడటం అంటే చెడ్డ కబురే అనుకోకండి. ఒక గర్భిణి, ఎనిమిదో నెల, ప్లేట్‌లెట్లు 40,000 అని రిపోర్టు. విజయనగరం నుంచి కారు మాట్లాడుకుని ఏడ్చుకుంటూ వచ్చారు ఇంటిల్లిపాదీ. స్లైడ్ చూస్తే ప్లేట్‌లెట్లు ద్రాక్ష గుత్తుల్లా ముద్దలు కట్టి ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో ఉండే మందుకి కొందరి రక్తంలో అలా అవుతుంది, ముద్దని మిషన్ లెక్కలోకి తీసుకోదు. నీలి మూత ట్యూబులో తీసి మళ్ళీ పెడితే రెండు లక్షల పైన. వాళ్ళాయన నా కాళ్ళకి దండం పెట్టబోయాడు, నేను చేసింది ట్యూబు మార్చడమే. ఇంకో హాస్టల్ అమ్మాయికి మూడు రకాల కణాలూ తక్కువ వస్తే బ్లడ్ క్యాన్సర్ అయి ఉంటుందని ఎవరో అనేశారు. స్లైడ్‌లో తెల్లకణాల కేంద్రకాలు ఆరేడు ముక్కలుగా ఉన్నాయి, ఎర్రకణాలు ఉబ్బి ఉన్నాయి. బి12 లోపం. ఇంజెక్షన్లతో లేచి కూర్చుంది. నడుంనొప్పి అని ఏడాదిగా బామ్ రాసుకుంటున్న ఒక ముసలాయనకి ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు దొంతరలుగా కనిపించాయి. అది మాత్రం మంచి కబురు కాలేదు, మైలోమా, అదీ ఒక రకం బ్లడ్ క్యాన్సరే.

మరి ల్యాబుల్లో స్లైడ్ ఎందుకు చూడరు? కుర్రాళ్ళని తిట్టడం నాకిష్టం లేదు. ఒక్కడే రక్తం తీయాలి, బార్‌కోడ్ అతికించాలి, మిషన్ నడపాలి, రిపోర్టు వాట్సాప్ చెయ్యాలి, "ఇంకా రాలేదేంటి" అన్న ఫోన్లూ ఎత్తాలి. స్మియర్‌కి విడిగా బిల్లు వేస్తే పేషెంటు గొణుగుతాడు, వేయకపోతే ఓనరు గొణుగుతాడు. కొన్ని చోట్ల పెథాలజిస్టు సంతకం ఉంటుంది గానీ పెథాలజిస్టు ఉండరు. పెద్దాసుపత్రిలో ఇంకో రకం కష్టం. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా సరిహద్దు ఊళ్ళు, అందరికీ దిక్కు విశాఖే. కేజీహెచ్ ఓపీ దగ్గర ఒక్క సోమవారం ఉదయం నిలబడి చూడండి, ఎన్ని ట్యూబులు వస్తాయో. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి రావడం మన అదృష్టం. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు ఏదో వీధి చివరి ల్యాబులో ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదా.

నాకు తోచింది ఇంతే. జ్వరం రోజుల్లో సీబీసీ రాసే డాక్టర్లు పక్కనే "విత్ స్మియర్" అని రెండు మాటలు చేర్చాలి, ముఖ్యంగా మూడు లెక్కలూ తగ్గితే, లేదా డెంగీ టెస్టు నెగెటివ్ వచ్చి హిమోగ్లోబిన్ పడిపోతుంటే. మిషన్ హెచ్చరిక వేసిన రిపోర్టుని స్లైడ్ చూడకుండా పేషెంటు చేతికి ఇవ్వకూడదని ల్యాబులు ఒక నియమం పెట్టుకోవాలి. అక్కడ చూసేవాళ్ళు లేకపోతే ఫోన్ కెమెరా కంటి దగ్గర పెట్టి ఫొటో తీసి తెలిసినవాళ్ళకి పంపొచ్చు. వాట్సాప్ రిపోర్టులు పంపడానికే కాదు, ఇందుకూ పనికొస్తుంది. చదువరులు తమ రిపోర్టు అడుగున ఇంగ్లీషు లైను ఏమైనా ఉందేమో చదివించుకోవాలి. "స్లైడ్ చూశారా బాబూ?" అని అడిగితే ఎవరూ కొట్టరు. ఆ వ్యాసం రాసిన వారికి నా మనవి, "సీబీసీ చేయిస్తే తెలిసిపోతుంది" అన్న వాక్యానికి ఒక సవరణ వెయ్యండి, అదే పేజీలో.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వెయ్యకండి. నాకు భయమై కాదు. తమ్ముడి కొడుక్కి సంబంధాలు చూస్తున్నాం, "ఒకప్పుడు బ్లడ్ క్యాన్సరట" అన్న మాట పెళ్ళివారి ఇంటికి మాకంటే ముందు చేరితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. మేం చెప్పాల్సిన రోజున మేమే చెప్తాం, రిపోర్టులతో సహా.

ఆనాటి రెండు స్లైడ్లలో ఒకటి నా దగ్గరే ఉంది. రంగు కొంచెం వెలిసింది గానీ కట్టెల మోపు ఇంకా కనిపిస్తోంది. మీ ఆరోగ్యం పేజీ వారెవరైనా కంచరపాలెం వైపు వస్తే చూపిస్తాను, కాఫీ కూడా ఇస్తాను. మైక్రోస్కోపు మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
కంచరపాలెం, విశాఖపట్నం